హ్యాండిలు తిరిగినను ఇంజను అందుకొననప్పుడు
సేద్యపు డీసెలు ఇంజను లోపములను రైతు స్వయముగా కనుగొను పద్ధతి

వరి పొట్టదశ యందుండగా మడిలో నీరు ఆరినచో గింజ తాలగును. మిరప పూతకు వచ్చిన తరుణమున తడి తప్పినచో పూత రాలును. అట్టి దినములందే బావిగట్టుపై నున్న ఇంజను మొరాయించుట పలువురు రైతులకు అనుభవమైన సంగతియే. మోట తోలిన కాలమున త్రాడు తెగినను, తొండము చినిగినను రైతు తానే సరిచేసికొని పూటలోపల మరల నీరు పారించెడివాడు. ఇంజను విషయమున నట్లుగాక, పట్టణమునుండి మేస్త్రీ వచ్చువరకు కాచుకొని యుండుట వాడుకయైనది. మేస్త్రీ రెండు దినములు ఆలస్యము చేసినచో ఆ రెండు దినముల యెండ పైరుమీదనే పడును.

హ్యాండిలు చక్కగా తిరుగుచుండియు ఇంజను అందుకొనకుండుటకు గల కారణములు అనేకములు కావు. వానిలో నెక్కువ భాగము రెండు మూడు స్పానరులతో గంట కాలములోపల రైతు స్వయముగా కనిపెట్టి తొలగింపదగినవి. అయితే క్రమము తప్పరాదు. ఒక పరీక్ష ముగియకమునుపే మరియొక భాగమును విప్పువాడు ఉన్న లోపమునకు క్రొత్త లోపమును చేర్చును. ఆ క్రమము ఈ దిగువ వివరింపబడినది.

ఇంజను పనిచేయు విధము

జర్మనీదేశపు ఇంజనీరగు రుడాల్ఫ్ డీసెల్ 1892వ సంవత్సరమున ఈ యంత్రమునకై పేటెంటు కోరెను. 1897లో ఆగ్స్‌బర్గు పట్టణమున దాని పరీక్ష జయప్రదముగా జరిగెను. పెట్రోలు ఇంజనునందువలె దీనియందు నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. పిస్టను పైకి వచ్చునప్పుడు సిలిండరులోని గాలి తన మొదటి పరిమాణములో సుమారు పదునారవ వంతునకో, పదునెనిమిదవ వంతునకో అదుమబడును. సైకిలు పంపు కొట్టునప్పుడు దాని అడుగు వేడెక్కుట యెల్లరు నెరిగినదే. ఇచ్చటను అదియే జరుగును. కాని యిచ్చట వేడి 500 డిగ్రీల సెంటీగ్రేడును మించును. ఆ వేడిగాలిలోనికి నాజిలు సన్నని పొగమంచువలె డీసెలును చిమ్మగనే అది తనంతట తాను రాజుకొనును.

కావున ఇంజను అందుకొనుటకు మూడు వస్తువులు కావలెను. మొదటిది, శుభ్రమైన డీసెలు సరియైన విధముగా చిమ్మబడుట. రెండవది, చాలినంత గాలి లోనికి వచ్చి గట్టిగా అదుమబడుట. మూడవది, ఈ రెండును సరియైన క్షణమున కలియుట. హ్యాండిలు తిరుగుచున్నదనగా ఇరుసు, బేరింగులు, పిస్టను బిగిసికొనిపోలేదని స్పష్టము. కావున లోపము పై మూడింటిలో నొకదానియందే యుండును. అది దేనియందున్నదో తేల్చుటయే ఈ పరీక్షల ప్రయోజనము.

ఇంగ్లండునందు 1930 ప్రాంతమున లిస్టరు కంపెనీవారు వెలువరించిన మందగతి ఇంజనును పోలినవి పిదప రాజకోటలో విరివిగా తయారై మన పల్లెలకు వచ్చినవి. అవి నిమిషమునకు 650 చుట్లు తిరుగును. రెండు చుట్లకొకమారు డీసెలు లోనికి పోవును. లెక్కించి చూచినచో 5 లేక 6 అశ్వశక్తుల ఇంజనులోనికి ఒక్కొక్కమారు పోవు డీసెలు సుమారు ఒక్క బొట్టు మాత్రమే. ఒక్క బొట్టుతో జరుగు పనికి ఒక ఇసుకరేణువో, ఒక గాలిబుడగయో, ఒక నీటిచుక్కయో అడ్డు తగిలినచో చాలును.

చేయి పెట్టకముందు తీసికొనవలసిన జాగ్రత్తలు

పంచె బిగించి కట్టవలెను. పై కండువా తీసివేయవలెను. బెల్టుతో నడుచు పంపైనచో బెల్టును తప్పించి ఇంజనును ఒంటరిగా పరీక్షించుట మేలు. హ్యాండిలు పట్టునప్పుడు బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుండవలెను గాని ఎదురుగా చుట్టరాదు. ఇంజను వెనుకకు తన్నినచో చుట్టిన బొటనవ్రేలును, మణికట్టును విరుగగలవు. హ్యాండిలు నోరు అరిగి ఇరుసును విడువకుండునట్టిదైనచో దానిని వాడనే రాదు. ఇంజను అందుకొనిన పిదప అది ఇరుసుతోపాటు తిరిగి మనిషిని కొట్టును.

ఇంజను బావిలోని అరుగుపై నున్నచో మిక్కిలి జాగరూకత వలయును. పొగతో వచ్చు కార్బను మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది బావిలో నిలిచినచో మనిషి కొలది నిమిషములలో తెలివి దప్పి పడిపోవును. అతనిని రక్షించుటకై దిగినవాడును అట్లే పడును. బావిలోపల ఇంజను నడుపకుండుటయే ఉత్తమము. గట్టుపైకి చేర్చుటకు వీలు లేనిచో పొగగొట్టమును బావి వెలుపలి వరకు తప్పక పొడిగించి, అతుకులందు పొగ కారకుండ చూడవలెను. ఇంజను ఆపి, లోపలి గాలి మారినదాక ఎవ్వరును దిగరాదు. లోపల ఎవరైన పడిపోయినచో తక్షణమే అగ్నిమాపక దళమునకు కబురు పంపవలెను. శ్వాససాధనము లేనివారు వెంట దిగుట ప్రాణాపాయము.

మొదటి పరీక్ష: పొగను చూచుట

డీకంప్రెషను మీటను ఎత్తి, హ్యాండిలును వేగముగా పదిపండ్రెండు చుట్లు త్రిప్పి, మీటను వదలవలెను. మరియొకడు పొగగొట్టపు నోటిని గమనించుచుండవలెను. ఆ నోటినుండి తెల్లని పొగ, లేక డీసెలు వాసనగల ఆవిరి వచ్చినచో డీసెలు సిలిండరులోనికి చేరుచున్నదనియు, రాజుకొనుట లేదనియు అర్థము. అప్పుడు డీసెలులో నీరు కలిసినదా, నాజిలు సరిగా చిమ్ముచున్నదా, కంప్రెషను గలదా, సమయము తప్పినదా అని చూడవలెను. ఎంత త్రిప్పినను పొగయే రానిచో డీసెలు లోనికి చేరుటయే లేదు. అప్పుడు ట్యాంకునుండి నాజిలు వరకు గల దారిని వరుసగా వెదుకవలెను.

ఈ ఒక్క పరీక్షతో సగము పని తీరును. దీనిని చేయక సరాసరి నాజిలు విప్పుటయే రైతులు సాధారణముగా చేయు తప్పు.

పొగ రానప్పుడు: డీసెలు దారిని వెదకుట

ట్యాంకులో డీసెలు కలదో లేదో పుల్లతో కొలిచి చూడవలెను. ఇది చెప్పవలసిన మాటయా యని నవ్వరాదు. అడుగున మిగిలిన కొంచెము డీసెలు కుళాయి మట్టమునకు దిగువగా నుండి కదలకుండుట తరచు జరుగును. తరువాత కుళాయి తెరచియున్నదా, ఇంజనును ఆపు మీట ఆపిన స్థానమందే నిలిచిపోయినదా అని చూడవలెను. ముందునాడు ఆపినవాడు మీటను యథాస్థానమునకు త్రోయుట మరచినచో మరునాడు ఎంత త్రిప్పినను ఫలముండదు. డీసెలు పంపు ప్రక్కనుండి వచ్చు సన్నని కడ్డీ, అనగా గవర్నరు కదలించునది, వ్రేలితో అటునిటు జారునట్లుండవలెను. చాలకాలము వాడని ఇంజనునందు అది జిగురుపట్టి బిగిసికొనును.

ట్యాంకు మూతకు గల చిన్న రంధ్రము దుమ్ముతో మూసికొన్నచో డీసెలు దిగుట క్రమముగా నిలిచిపోవును. మూతను వదులుచేసి చూచినచో ఈ లోపము తేలును. ఇంజను అందుకొని కొంతసేపు నడచి తానే ఆగిపోవుటకును ఇది ఒక కారణము.

అటుపిమ్మట ఫిల్టరునకు వచ్చు గొట్టము నట్టును వదలి చూడవలెను. డీసెలు ధారగా రావలెను. బొట్లుబొట్లుగా వచ్చినచో కుళాయిలోనో, గొట్టములోనో మడ్డి యడ్డినదని తెలియును. ఫిల్టరు దాటిన పిదప గల నట్టును అట్లే వదలి చూడవలెను. ముందు ధారగా వచ్చి, ఫిల్టరు వెనుక సన్నగిల్లినచో ఫిల్టరు మూసికొనిపోయినది. దానిని మార్చవలెను. ఫిల్టరును తీసివేసి ఇంజనును నడుపుట ఆ పూటకు పని జరుపునుగాని, పంపును నాజిలును శీఘ్రముగా చెరచును. వాని ధరలో ఫిల్టరు ధర అతి స్వల్పభాగము.

గాలి తీయుట

ట్యాంకు పూర్తిగా ఖాళీ యైన పిదప డీసెలు పోసినను, ఫిల్టరును మార్చినను, గొట్టము నూడదీసినను లోపల గాలి చేరును. ద్రవము అదుమబడదు. గాలి అదుమబడును. పంపు కొట్టిన దెబ్బనంతయు గాలిబుడగయే మ్రింగివేయుటచే నాజిలు తెరచుకొనదు. దానిని తెరచుటకు చదరపు సెంటీమీటరునకు 150 నుండి 200 కిలోగ్రాముల వరకు ఒత్తిడి కావలసియుండును.

గాలి తీయు క్రమము ఇది. ట్యాంకు నిండ డీసెలు పోసి కుళాయి తెరువవలెను. ఫిల్టరుపై గల గాలి మరను రెండు చుట్లు వదలవలెను. మొదట నురుగు, పిదప బుడగలు, అటుపై నిండు ధార వచ్చును. ధార వచ్చుచుండగనే మరను బిగింపవలెను. పంపుపై గల మర విషయమునను ఇట్లే చేయవలెను. తుదకు నాజిలునకు పోవు గట్టి గొట్టపు నట్టును నాజిలు వద్ద ఒక చుట్టు వదలి, డీకంప్రెషను మీట నెత్తి, డీసెలు మీటను తెరచియుంచి హ్యాండిలు త్రిప్పవలెను. బుడగలు లేక డీసెలు ఉబికి వచ్చినప్పుడు నట్టును బిగింపవలెను. ట్యాంకు వద్ద మొదలిడి నాజిలు వద్ద ముగింపవలెనే గాని నడుమ నుండి మొదలిడరాదు.

గాలి తీసిన కొలదిసేపటికే మరల బుడగలు వచ్చుచున్నచో ఎచ్చటనో వాషరు చెడియుండును. పాత రాగి వాషరు గట్టిపడి సరిగా కూర్చుండదు. దానిని మార్చవలెనే గాని నట్టును బలవంతముగా బిగించి మర కొట్టివేయరాదు.

నాజిలు పలుకు

గాలి లేకుండ డీసెలు నాజిలునకు చేరిన పిమ్మట హ్యాండిలును మెల్లగా త్రిప్పుచు చెవి యొగ్గి వినవలెను. పిస్టను పైకి చేరబోవు వేళ నాజిలు వద్ద కిర్రుమను చిన్న శబ్దము వినవచ్చును. మేస్త్రీలు దీనినిబట్టియే నాజిలు పనిచేయుచున్నదని గ్రహింతురు. శబ్దము వినరానిచో పంపు బలముగా కొట్టుట లేదు, లేదా నాజిలు సూది ఇరుకుకొన్నది.

నాజిలును ఊడదీసి గొట్టమునకు తగిలించి వెలుపల చిమ్మించి చూచుట మేస్త్రీల వాడుక. సన్నని పొగమంచువలె చిమ్మినచో మంచిది. ధారగా కారినను, కొసను బొట్టు వ్రేలాడినను చెడ్డది. ఈ పరీక్ష చేయునప్పుడు నాజిలునకు ఎదురుగా చేయి గాని, ముఖము గాని ఎంతమాత్రము ఉంచరాదు. ఆ ఒత్తిడితో వచ్చు డీసెలు చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి సూదిపోటంత గాయమే కనబడినను లోపల మాంసము కుళ్లి చేయి తీయవలసిన స్థితి యేర్పడవచ్చును. అట్లు జరిగినచో నొప్పి లేదని ఊరకుండక ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలెను. దగ్గర నిప్పు, బీడీ యుండరాదు. నాజిలు రంధ్రములను సూదితో గాని, ఇనుప తీగెతో గాని పొడువరాదు. దానిని యంత్రముపై పరీక్షించి ఒత్తిడి సరిచేయు దుకాణమునకు పంపుటయే తగిన పని.

పొగ వచ్చియు అందుకొననప్పుడు: మొదట నీటి పరీక్ష

ఫిల్టరు అడుగు మర వదలి ఒక గాజుసీసాలోనికి డీసెలు పట్టి పావుగంట కదలక నుంచవలెను. నీరు డీసెలుకంటె బరువైనది కావున అడుగున విడిగా తేరును. నీరు కనబడినచో ట్యాంకును, ఫిల్టరు గిన్నెను పూర్తిగా ఖాళీచేసి, శుభ్రమైన డీసెలు పోసి, మరల గాలి తీయవలెను. డీసెలునకు మారుగా పొరపాటున పెట్రోలు పోసినను ఇంజను సరిగా అందుకొనదు. దానిని వాసన పట్టి తెలిసికొనవచ్చును.

కంప్రెషను పరీక్ష

కుళాయి కట్టి, డీకంప్రెషను మీటను దింపియుంచి, హ్యాండిలును మెల్లగా త్రిప్పవలెను. రెండు చుట్లకొకమారు చేతికి గట్టి అడ్డు తగులవలెను. అచ్చట నిలిపినచో చక్రము వెనుకకు ఎగురవలెను. అట్టి అడ్డు లేక చక్రము సులువుగా దాటిపోయినచో గాలి ఎచ్చటనో వెలికి పోవుచున్నది. గాలి అదుమబడనిదే వేడి పుట్టదు. వేడి లేనిదే డీసెలు ఎంత చక్కగా చిమ్మబడినను రాజుకొనదు.

గాలి పోవు చోటును చెవియే చెప్పును. అడ్డు తగులు స్థానమున చక్రమును నొక్కి పట్టి వినవలెను. గాలి పీల్చు గొట్టమున బుసమన్నచో ఇన్లెట్టు వాల్వు కారుచున్నది. పొగగొట్టమున బుసమన్నచో ఎగ్జాస్టు వాల్వు కారుచున్నది. నూనె పోయు మూత వద్ద బుసమన్నచో పిస్టను రింగులు అరిగినవి. నీటితొట్టిలో బుడగలు వచ్చినచో హెడ్డు గాస్కెటు చినిగినది. నాజిలు చుట్టును నురుగు కట్టినచో దాని క్రింది వాషరు చెడినది.

వాల్వు కారుచున్నట్లు తోచినచో దానిని విప్పకముందు రెండు సంగతులు చూడవలెను. డీకంప్రెషను మీట పూర్తిగా దిగుచున్నదా? అది సగములో నిలిచినచో వాల్వు తెరచియే యుండును. రెండవది, అడ్డు తగులు స్థానమున రాకరు క్రింద నుండు పుష్‌రాడ్డులను వ్రేళ్లతో త్రిప్పి చూడవలెను. రెండును సులువుగా తిరుగవలెను. తిరుగకున్నచో వాల్వునకు విడువవలసిన సందు లేక అది మూసికొనుట లేదు. ఇంజనుతో వచ్చిన పుస్తకమున చెప్పిన కొలతకు ఫీలరు గేజితో సందును సరిచేయవలెను. మీటయు సందును సరిగానుండి యింకను కారుచున్నచో వాల్వును నూరవలసియుండును.

రింగులు అరిగినట్లు అనుమానమున్నచో గాలి గొట్టముగుండ చిన్న చెంచాడు ఇంజనాయిలు పోసి, మీట నెత్తి నాలుగు చుట్లు త్రిప్పి, తిరిగి పరీక్షింపవలెను. అడ్డు గట్టిపడినచో రింగులే లోపము. మార్పు లేనిచో వాల్వో, గాస్కెటో కారణము. చెంచాకు మించి పోయరాదు. అధికముగా పోసిన నూనె మండి ఇంజను అదుపు తప్పి పరుగెత్తవచ్చును.

గాలి దారియు, చలియు

వానకాలమంతయు నిలిపిన ఇంజను పొగగొట్టమునందు కందిరీగలు గూడు కట్టుట, గాలి గొట్టమున ఎలుకలు పీచు చేర్చుట కలదు. ఎయిరు ఫిల్టరును తీసి చూచి, దుమ్ముపట్టినచో శుభ్రపరుపవలెను. శీతకాలపు తెల్లవారుజామున ఇనుము చల్లబడియుండుటచే అదిమిన గాలి వేడిని సిలిండరు పీల్చుకొనును. నూనె చిక్కబడి హ్యాండిలు వేగమును తగ్గించును. అప్పుడు కుళాయి కట్టి, మీట నెత్తి ఇరువది చుట్లు త్రిప్పి నూనె నాడింపవలెను. సిలిండరు చుట్టు నీరు నిలుచు ఇంజనైనచో గోరువెచ్చని నీరు పోయవచ్చును. గాలి గొట్టమున పెట్రోలు పోయుట, మండు గుడ్డ నుంచుట, ఈథరు కొట్టుట ప్రమాదకరములు. పిస్టను పగులుటయు, మనిషి కాలుటయు వానివలన సంభవించును.

పలుమారులు త్రిప్పినను అందుకొననప్పుడు మండని డీసెలు సిలిండరులో నిలిచియుండును. కుళాయి కట్టి, మీట నెత్తి కొన్ని చుట్లు త్రిప్పి దానిని వెడలగొట్టిన తరువాతనే మరల ప్రయత్నింపవలెను. అందుకొనిన ఇంజను అదుపు తప్పి పరుగెత్తినచో డీసెలు మీటను మూయవలెను. అప్పటికిని నిలువనిచో గాలి గొట్టపు నోటిని చెక్కపలకతో మూయవలెను. చేతితో మూయరాదు.

సమయము తప్పుట

డీసెలు పంపును విప్పి బిగించిన పిదపనో, పండ్లచక్రములను కదల్చిన పిదపనో ఇంజను అందుకొనకున్నచో మాత్రమే సమయము తప్పినదని అనుమానింపవలెను. నిన్నటివరకు నడచి, ఎవరును విప్పని ఇంజనునందు సమయము తనంతట తప్పుట అరుదు. పంపు క్రింది పలుచని రేకులను పారవేసి బిగించుట ఈ లోపమునకు సాధారణ కారణము. పండ్లచక్రములపై గల గుర్తులు ఒకదానికొకటి ఎదురుగా నున్నవో లేవో చూచి, మిగిలిన పనిని మేస్త్రీకి విడువవలెను.

ట్రాక్టరు, మోటారుబండ్ల విషయము

బ్యాటరీతో తిరుగు ట్రాక్టరునకును ఈ క్రమమే వర్తించును. అయితే రెండు భేదములు కలవు. మొదటిది, స్టార్టరును ఒకమారునకు పది పదునైదు క్షణములకు మించి త్రిప్పరాదు. నడుమ ఒకటి రెండు నిమిషములు విరామ మియ్యవలెను. ఇంజను నీరసముగా తిరుగుచున్నచో మొదట బ్యాటరీ కొనలను శుభ్రపరచి బిగింపవలెను. వేగము చాలకున్నను వేడి పుట్టదు. రెండవది, కొన్ని బండ్లలో డీసెలును ఆపునది విద్యుత్తుతో పనిచేయు కవాటము. తాళము త్రిప్పగనే దానివద్ద టక్కుమను శబ్దము రావలెను. రాకున్నచో దాని తీగెను, ఫ్యూజును చూడవలెను.

పెట్రోలు బండియందు గాలికిని పెట్రోలునకును తోడు నిప్పురవ్వ కావలెను. కొంతసేపు త్రిప్పిన పిదప ప్లగ్గు నూడదీసి చూచినచో, అది పొడిగానున్నయెడల పెట్రోలు చేరుట లేదు. తడిగానున్నయెడల పెట్రోలు చేరినది గాని రవ్వ లేదు, లేదా పెట్రోలు మితిమీరినది. తడి ప్లగ్గును తుడిచి ఆరబెట్టి, కొంతసేపు ఆగి, మరల బిగించి ప్రయత్నింపవలెను.

క్రమము తప్పిన నష్టమునకు ఒక ఉదాహరణ

మూడెకరముల మిరప తోట గల రైతొకనికి ఇంజను అందుకొనలేదని భావింపవలెను. ముందు నెలలో హెడ్డు విప్పించి నూరించినాడు. పొరుగువాడు నాజిలు చెడినదనగా క్రొత్త నాజిలు కొన్నాడు. ఫలము లేదు. మరియొకడు పంపు చెడినదనగా పంపును విప్పించినాడు. మూడు దినములు గడచినవి. పూత రాలినది. ఇప్పుడు పంపు బిగింపులో సమయమును తప్పి, ఒక లోపము రెండైనవి.

ఆ రైతు మొదటి దినముననే పొగను చూచినచో తెల్లని పొగ కనబడియుండును. డీసెలు లోనికి చేరుచున్నదని తెలిసి, పంపును విప్పువాడు కాడు. సీసాలో డీసెలు తేర్చి చూచినచో నీరు లేదని తేలియుండును. హ్యాండిలును మెల్లగా త్రిప్పినచో అడ్డు తగులక పొగగొట్టమున బుసబుస వినబడియుండును. పుష్‌రాడ్డును త్రిప్పి చూచినచో అది బిగిసియుండును. హెడ్డు నూరిన పిదప వాల్వు కొంత పైకి జరిగి సందు మూసికొనిపోయినదని తెలియును. రెండు స్పానరులతో కొలది నిమిషములలో తీరు పని యది. వ్యయము శూన్యము.

మేస్త్రీని పిలువవలసిన పనులు

నాజిలు ఒత్తిడి సరిచేయుట, పంపులోని భాగములు మార్చుట, రింగులు వేయుట, వాల్వులు నూరుట, సమయము సరిచేయుట మేస్త్రీ పనులు. అప్పుడైనను రైతు చేసిన పరీక్షలు వృథా కావు. “ఇంజను నడువదు” అని చెప్పి పంపిన కబురునకును, “తెల్లపొగ వచ్చుచున్నది, నీరు లేదు, అడ్డు తగులుట లేదు, నూనె మూతవద్ద బుసమనుచున్నది” అని చెప్పి పంపిన కబురునకును మిక్కిలి భేదము గలదు. రెండవ కబురు విన్న మేస్త్రీ రింగులు వెంట తెచ్చి ఒకే ప్రయాణమున పని ముగించును. అనవసరముగా మార్చిన భాగములకు రైతు డబ్బు చెల్లింపనక్కరలేదు.

ముందుచూపు

డీసెలును గాలించక, తేర్చక ట్యాంకులో పోయరాదు. పీపాను ఒక ప్రక్కకు కొంచెము వంచి యుంచి, అడుగు డీసెలును వాడక విడువవలెను. జస్తాపూత గల డబ్బాలలో డీసెలు నిలువయుంచరాదు. సాయంకాలము పని ముగియగనే ట్యాంకు నింపినచో రాత్రి చలికి లోపల చెమ్మ పట్టదు. ట్యాంకు పూర్తిగా ఖాళీ యగువరకు నడుపరాదు. ఫిల్టరును, ఇంజనాయిలును పుస్తకమున చెప్పిన గంటల లెక్కప్రకారము మార్చవలెను. నడిపిన గంటలను ఇంజను కొట్టపు గోడపై సుద్దతో వ్రాసికొన్నను చాలును. ఇంజను నిలిపియుంచిన కాలమున పదునైదు దినములకొకమారు పది నిమిషములు నడుపవలెను. రెండు స్పానరులు, ఫీలరు గేజి, రాగి వాషరులు, ఒక ఫిల్టరు, ఒక గాజుసీసా కొట్టమునందు సిద్ధముగా నుండవలెను.

సంగ్రహము

మొదట ట్యాంకు, కుళాయి, ఆపు మీట. పిదప పొగ. పొగ లేనిచో ట్యాంకునుండి నాజిలు వరకు దారి వెదకి గాలి తీయుట. పొగ యున్నచో నీటి పరీక్ష, నాజిలు పలుకు, కంప్రెషను, పుష్‌రాడ్డుల సందు. విప్పిన ఇంజనైనచో మాత్రమే సమయము. ఒక పరీక్ష ఫలము తేలకమునుపు మరియొక నట్టును ముట్టరాదు.

పైరు తడి కోరు దినము మేస్త్రీ తీరిక కొరకు ఆగదు. తీరికగా నున్న వేసవి దినమున ఇంజను చక్కగా నడచుచున్నప్పుడే ఒకమారు ఈ పరీక్షలన్నియు చేసి, నాజిలు పలుకు ఎట్లుండునో చెవితోను, కంప్రెషను అడ్డు ఎట్లుండునో చేతితోను ఎరిగియున్న రైతు, అది చెడిన దినమున భేదమును వెంటనే గుర్తింపగలడు.